తాళంచెవి తెచ్చాను, మెట్టు మరిచాను

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు నన్ను అడిగేది ఒకటే: ఏ భాష నేర్చుకోవాలి, ఏ కోర్సు చేయాలి? నాకు తెలియదు. నేను నేర్చుకున్న కంప్యూటర్ భాషల్లో సగం ఇప్పుడు ఎవరూ వాడరు. నాకు తెలిసిందల్లా తమిళనాడులోని ధర్మపురి బస్టాండుకు కాస్త అవతల, ఎరువుల అంగడి పైన ఉన్న మిద్దెలో కూర్చుని చేసిన పని. అందులో బాగా చేసినవి చాలా ఉన్నాయి. అవి చెబితే వినేవాళ్ళకు నిద్ర వస్తుంది. చెడగొట్టినది ఒకటి ఉంది, అదే చెబుతాను.

తెలుగులో ఎందుకు రాస్తున్నానంటే ఇది మా ఇంటి భాష. మావైపు తెలుగిళ్ళలో మాట్లాడటమే తప్ప చదవడం చాలామందికి రాదు. నేను కుప్పంలో మేనమామ ఇంట్లో ఉండి చదువుకున్నాను కాబట్టి అక్షరాలు అబ్బాయి. రాస్తుంటే మా ఆవిడ వెనక నిలబడి, "దీన్ని ఎవురు చదువుతారు?" అని నవ్వుతోంది. చదవకపోతే నేనే చదివి వినిపిస్తానని చెప్పాను. దానికి మాత్రం భయపడింది.

మేం చేసిన పని

మాది పది మంది ఉన్న చిన్న కంపెనీ. యజమాని షణ్ముగం తమిళాయన, అందరం ముదలాళి అనేవాళ్ళం. వేడి, చల్లదనం కొలిచే పరికరాలకు మేం సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళం. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో గుజ్జు ఎంత వేడెక్కింది, పట్టుగూళ్ళు ఆరబెట్టే గదిలో గాలి ఎంత వేడిగా ఉంది, పాలు చల్లబరిచే తొట్టిలో ఎంత చల్లగా ఉంది అని చూసి, తేడా వస్తే గంట మోగించాలి, అవసరమైతే వాల్వు తిప్పాలి. ఇంతే. బెంగళూరు వాళ్ళు వింటే ఇదీ ఒక పనేనా అంటారు. మా ఫ్యాక్టరీల వాళ్ళు మాత్రం గంట మోగకపోతే మా మిద్దె మెట్లెక్కి వచ్చి అరిచేవాళ్ళు.

నేను చేరిన కొత్తలో, రెండువేల దశకం మొదట్లో, ప్రతి కస్టమరుకూ ఒక ఫోల్డరు ఉండేది. పాత ఫోల్డరును కాపీ చేసి పేరు మార్చి కొత్తది మొదలుపెట్టేవాళ్ళం. 'ఫైనల్', 'కొత్త ఫైనల్', 'ముదలాళి చూసిన ఫైనల్' అని పేర్లు. ఒకచోట తప్పు సరిదిద్దితే మిగతా పదకొండు చోట్ల ఆ తప్పు హాయిగా బతికి ఉండేది. ఒకే తప్పు కోసం నల్లంపల్లి పాల కేంద్రానికి మూడుసార్లు స్కూటర్ మీద వెళ్ళాను. మూడోసారి అక్కడి కార్యదర్శి నన్ను చూసి, ఇక్కడే ఒక చాప వేయిస్తాను, ఉండిపో అన్నాడు.

అప్పుడు సబ్‌వర్షన్ వచ్చింది. ప్రోగ్రాములో ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో రాసిపెట్టే ఏర్పాటు అది. ప్రతి మార్పుకూ ఒక నంబరు పడుతుంది. ఏ నంబరు దగ్గరికి కావాలంటే ఆ నంబరు దగ్గరికి వెనక్కి వెళ్ళొచ్చు. నాకు పట్టరాని సంతోషం. ఫోల్డర్లన్నీ ఊడ్చి, పనిని మూడు అంతస్తులు చేశాను. అన్నిటికంటే కింద, కొలత చదివే భాగం. దాని మీద, తెర చూపించి గంట మోగించే భాగం. పైన, ఒక్కో కస్టమరుకు ఒక్కో ప్రాజెక్టు. పై ప్రాజెక్టులో 'తెర భాగాన్ని ఇక్కడికి తెచ్చుకో' అని ఒక వరుస రాస్తే చాలు, అదే వచ్చి లోపల కూర్చుంటుంది. తెర భాగంలో అలాంటిదే ఇంకో వరుస ఉంటుంది, అది కొలత భాగాన్ని తెచ్చుకుంటుంది. కాపీలు లేవు. ఒకచోట దిద్దితే అందరికీ అందుతుంది.

అందరికీ అందుతుంది అనే మాటలోనే కష్టం ఉందని అప్పుడు నాకు తట్టలేదు.

బావి తాళంచెవి

కొలత భాగాన్ని అందరూ వాడతారు. ఇద్దరు ఒకేసారి దాన్ని కెలికితే ఏం గతి? దీనికి నేను మా ఊరి పద్ధతి పెట్టాను.

మాది కారిమంగలం దగ్గర పెరియంపట్టి. మా నాన్న, చిన్నాయన, ఇంకో దాయాది, ముగ్గురికీ కలిపి ఒకటే మెట్ల బావి. మోటారు గదికి ఒకటే తాళంచెవి. ఎవరి వంతు వస్తే వాళ్ళ ఇంట్లో ఉంటుంది. తాళంచెవి లేనివాడు మోటారు ముట్టడు. ముగ్గురూ ఎన్ని మాటలు అనుకున్నా నీళ్ళ దగ్గర మాత్రం తగువు రాలేదు.

ఆఫీసులో ఒక పాత ఇత్తడి తాళంచెవి తెచ్చి గోడకు మేకు కొట్టి తగిలించాను. కొలత భాగాన్ని మార్చాలనుకున్నవాళ్ళు దాన్ని తెచ్చి తమ బల్ల మీద పెట్టుకోవాలి, పనయ్యాక మళ్ళీ మేకుకు తగిలించాలి. ముదలాళి వచ్చినవాళ్ళందరికీ ఆ తాళంచెవిని చూపించి గొప్పగా చెప్పేవాడు. నేను పక్కన నిలబడి ఏమీ ఎరగనట్టు ముఖం పెట్టేవాణ్ణి. లోపల మాత్రం ఉబ్బిపోయేవాణ్ణి.

పట్టుగూళ్ళు ఆరబెట్టే గది ఒకదాని పని వచ్చినప్పుడు తాళంచెవి నా బల్ల మీదే ఉంది. ఆ గది తలుపు తెరిచినప్పుడల్లా వేడి ఒక్క క్షణం పడిపోయి గంట మోగుతోంది, పనివాళ్ళు విసిగిపోయి గంట తీగే పీకేశారు. నేను కొలత భాగంలో చిన్న మార్పు చేశాను. అంతవరకూ కొన్ని సెకన్ల రీడింగులకు సగటు తీసేది, ఒక నిమిషం మొత్తానికి తీసేలా చేశాను. గంట ఊరికే మోగడం ఆగింది. పక్కన వివరం రాయాల్సిన చోట 'చిన్న మార్పు' అని రాసి, తాళంచెవి మేకుకు తగిలించి, భోజనానికి వెళ్ళాను.

ఉబ్బిన డబ్బాలు

మంజుల అప్పటికి మా దగ్గర చేరి ఏడాది కాలేదు. పాపారపట్టి అమ్మాయి, ఇంట్లో తెలుగే. వాళ్ళ నాన్న కూలి పని చేసేవాడు, మా బావిలో పూడిక తీయడానికి కూడా ఒకసారి వచ్చాడట. ఆ ఇంట్లో కుర్చీలో కూర్చుని పనిచేసే మొదటి మనిషి ఆమె. ఇంకా పర్మనెంటు కాలేదు. ధర్మపురిలో ఇలాంటి కంపెనీ మాదొక్కటే. ఇక్కడ పోతే హోసూరుకో బెంగళూరుకో వెళ్ళాలి, ఆడపిల్లను అంత దూరం వాళ్ళింట్లో పంపరు. అంటే ఈ ఉద్యోగం పోతే ఆమెకు ఉద్యోగమే లేదు. ఇది ఆఫీసులో అందరికీ తెలుసు, నాకు ఇంకా బాగా తెలుసు.

మామిడి కాపు మొదలయ్యే ముందు గుజ్జు ఫ్యాక్టరీలో కంప్యూటర్ చెడిపోయింది. కొత్త కంప్యూటర్ కొన్నారు, అందులో మా సాఫ్ట్‌వేర్ మళ్ళీ ఎక్కించాలి. కిందటి ఏడు ఇచ్చినదాన్ని గుర్తు పెట్టి దాచి ఉంచాం, దాన్ని ట్యాగ్ అంటాం. నేను మంజులను పిలిచి చెప్పాను: కిందటేటి ట్యాగ్ తీసుకో, దాన్నే తయారుచెయ్, ఒక్క అక్షరం ముట్టవద్దు. ఆమె అలాగే చేసి, ఫ్యాక్టరీకి వెళ్ళి ఎక్కించి వచ్చింది.

గుజ్జును వేడిచేసి డబ్బాల్లో నింపి మూతలు బిగిస్తారు. తగినంత వేడెక్కని గుజ్జు వస్తే మా సాఫ్ట్‌వేర్ వాల్వు తిప్పి దాన్ని మళ్ళీ వేడికి పంపాలి. నింపిన డబ్బాలను పంపించేముందు కొన్నాళ్ళు గోడౌనులో పెట్టి చూస్తారు. ఆ ఏడు చూస్తే ఒక వరుస వరుసంతా డబ్బాలు ఉబ్బి ఉన్నాయి, అంటే లోపల గుజ్జు చెడిపోయింది. నేను వెళ్ళి ఒకటి చేతిలోకి తీసుకున్నాను. పైమూత పొట్టలా లేచి ఉంది, నొక్కితే టక్కుమని లోపలికి పోయి మళ్ళీ పైకి వస్తోంది. ఒక్క డబ్బా కూడా బయటికి పోలేదు, ఎవరూ తినలేదు. అది మా అదృష్టం, మా తెలివి కాదు.

ముదలాళి అందరినీ కూర్చోబెట్టి అడిగాడు: "కిందటేడు బాగుండింది కదా, ఈ ఏడు ఏమి మారింది?"

నేను చెప్పిన జవాబు నాకు ఇప్పటికీ మాటకు మాట గుర్తుంది. "ఏమీ మారలేదు సార్. ట్యాగ్ అదే. ఎక్కించడంలోనే ఎక్కడో తప్పు జరిగుండాలి."

ఎక్కించింది ఎవరో అందరికీ తెలుసు. నేను ఎవరి పేరూ చెప్పలేదని ఆ పూట నన్ను నేను సమర్థించుకున్నాను. పేరు చెప్పకుండా ఒక మనిషి మీద తప్పు వేయడం ఎంత సులువో అప్పుడు తెలిసింది. ముదలాళి మంజుల వైపు చూసి, శనివారం దాకా పని చూసుకో, తర్వాత మాట్లాడదాం అన్నాడు. దాని అర్థం అందరికీ తెలుసు. ఆమె ఏడవలేదు. వెళ్ళి తన సీటులో కూర్చుంది.

మూడు నంబర్లు

మర్నాడు సాయంత్రం మంజుల నా బల్ల దగ్గరికి వచ్చి ఒక కాగితం పెట్టింది. దాని మీద రెండు వరుసలు. మొదటిది కిందటి ఏడు మేం ఫ్యాక్టరీకి ఇచ్చిన సీడీలోనిది. రెండోది తను తయారుచేసినది. ఒక్కోదానికి మూడు అంతస్తులకు మూడు నంబర్లు.

"పై అంతస్తుది చూడండి సార్, రెండిట్లోనూ ఒకటే నంబరు. నడుమదీ ఒకటే. అడుగుది చూడండి."

అడుగుది వేరే. మొదటి వరుసలో కిందటి ఏటి నంబరు, రెండో వరుసలో ఈ ఏటి నంబరు.

విషయం నాకు వెంటనే అర్థమైంది. పై ప్రాజెక్టులో తెర భాగం కోసం రాసిన వరుసలో నేను నంబరు రాశాను. ఫలానా నంబరు తెర భాగమే తెచ్చుకో అని. కానీ తెర భాగం లోపల, కొలత భాగం కోసం రాసిన వరుసలో నంబరు లేదు. నంబరు లేకపోతే ఆ రోజుకు ఏది కొత్తగా ఉంటే అది వస్తుంది. పైన ట్యాగ్ పెట్టి దాచినా, పైన నంబరు రాసినా, లోపలి లోపలిది మాత్రం కట్టులేకుండా తిరుగుతూనే ఉంది. ట్యాగ్ అదే అని నేను అన్నమాట నిజమే. అందులోకి వచ్చి కూర్చున్నది మాత్రం పట్టుగూళ్ళ గది కోసం చేసిన నిమిషం సగటు. గుజ్జు వేడి కాసేపు పడిపోయినా ఆ సగటులో కలిసిపోయి కనిపించలేదు, వాల్వు తిరగలేదు.

"ఆ నంబరు కాడ ఎవురి పేరు ఉందో కూడా చూసినాను సార్," అంది. "మీ పేరే ఉండాది. 'చిన్న మార్పు' అని రాసినారు."

"ముదలాళికి చెప్పినావా?"

"లేదు. మీరే చెప్తారని వచ్చినాను."

అంతే అని వెళ్ళిపోయింది. నేను ఆ సాయంత్రం ముదలాళి గది ముందు నుంచే నడిచి, లోపలికి తొంగి కూడా చూడకుండా, బస్సెక్కి ఇంటికి వెళ్ళాను. సిగ్గుచేటు పని. వయసులో పెద్దవాణ్ణి, అందరికీ పద్ధతులు నేర్పేవాణ్ణి, గోడకు తాళంచెవి తగిలించినవాణ్ణి. బస్సులో కారిమంగలం దాకా నేను వెతికింది నిజాన్ని కాదు, ఎలా చెబితే నా తప్పు చిన్నదిగా కనిపిస్తుందా అని.

చిన్నాయన

ఇల్లు చేరేసరికి ఇంకా వెలుతురు ఉంది. ఆ రోజు బావి వంతు మా ఇంటికి మారుతోంది. మా నాన్నకు ఒంట్లో బాగలేదని నన్ను వెళ్ళమన్నారు. మోటారు గది దగ్గర చిన్నాయన తాళంచెవి పట్టుకుని నిలబడి ఉన్నాడు. నేను చెయ్యి చాచాను. ఆయన ఇవ్వలేదు.

"మెట్టు చూసినావా?"

"ఎందుకు చిన్నాయనా, ఇయ్యి. నాకు తల నొస్తా ఉండాది."

"తల నొచ్చినా కాలు నొచ్చినా మెట్టు చూడల్ల. రా, ఇద్దరూ చూస్తాము."

బావి అంచుకు వెళ్ళి కిందికి చూశాం. "ఏడో మెట్టు కాడ ఉండాయి నీళ్ళు. ఔనా? నువ్వూ చెప్పు," అన్నాడు. ఏడో మెట్టు అని నేనూ పైకి చెప్పాను. అప్పుడు తాళంచెవి నా చేతిలో పెట్టాడు.

చిన్నప్పటి నుంచి చూస్తున్న తంతే ఇది. వంతు మారినప్పుడు ఇచ్చేవాడు, తీసుకునేవాడు కలిసి నీళ్ళు ఎన్నో మెట్టు దగ్గర ఉన్నాయో చూసి, ఇద్దరూ గట్టిగా చెప్పాలి, ఎవరు ఎన్ని నీళ్ళు తోడారని తర్వాత తగువు రాకుండా. ముసలాళ్ళ చాదస్తం అనుకునేవాణ్ణి. ఆఫీసుకు ఊరి పద్ధతి తీసుకుపోయినప్పుడు తాళంచెవి తీసుకుపోయాను, మెట్టును వదిలేశాను. కొలత భాగానికి నంబరు ఎందుకు రాయలేదో కూడా ఆ బావి దగ్గరే ఒప్పుకున్నాను. మరిచిపోయి కాదు. అది మనదే కదా, మన చేతులతో రాసుకున్నదే కదా, పరాయివాళ్ళ సరుకులా దానికి నంబరు కట్టుకోవాలా అనుకున్నాను. చిన్నాయన నన్ను ఎత్తుకుని పెంచినవాడు. ఆయన నాకు పరాయివాడు కాడు. అయినా మెట్టు చూడకుండా తాళంచెవి ఇవ్వలేదు.

"ఏమిరా అట్ల నిలబడినావు?" అన్నాడు.

"రేపు ఒకరి కాడ తిట్లు తినల్ల చిన్నాయనా."

"తప్పు చేసింటే తిను. తిని ఇంటికి వచ్చేయి," అన్నాడు. ఆయన ఆఫీసు సంగతి అడగను కూడా అడగలేదు.

చెప్పిన తర్వాత

ఉదయం ఆఫీసు తెరవగానే ముదలాళి గదిలోకి వెళ్ళి, మంజుల కాగితం ముందు పెట్టి చెప్పాను. మార్పు నాది, నంబరు కట్టనిది నేను, నిన్న సాయంత్రమే తెలిసినా ఇంటికి పారిపోయినది కూడా నేనే. ఆయన కాగితం మీది నంబర్లన్నీ చదివాడు. తర్వాత తమిళంలో తిట్టాడు. ఆ తిట్లు ఇక్కడ రాయను, కానీ అన్నీ న్యాయమైనవే. తిట్టడం అయ్యాక ఆయన అడిగిన ప్రశ్న వల్లే ఆయన మీద నాకు గౌరవం పెరిగింది: "ఇదే తప్పు ఇంక ఎంతమంది దగ్గర ఉంది?"

మంజులను పిలిచాం. ముగ్గురం కూర్చుని అన్ని ట్యాగ్‌లూ విప్పి చూశాం. ఉన్నవాటిలో సగానికి పైగా అడుగు కట్టు లేకుండా తిరుగుతున్నవే. పాల కేంద్రాల ట్యాగ్‌లు కూడా అంతే. వాటిని ఇంకా ఎవరూ కొత్తగా ఎక్కించలేదు కాబట్టి బతికిపోయాం. ఆ వారమంతా ప్రతి అంతస్తులో ప్రతి వరుసకూ నంబరు కట్టాం. కడుతూనే చిన్నాయన మెట్టు చూడందే తాళంచెవి ఇవ్వని సంగతి మంజులకు చెప్పాను. మంజుల శనివారం ఉద్యోగం మానలేదు, ఆ శనివారమే పర్మనెంటు కాగితం తీసుకుంది. ముదలాళి ఆమెతో క్షమాపణ లాంటిది ఏదో గొణిగాడు. నేను గొణగలేదు, అందరి ముందూ చెప్పాను. చెప్పాక ఎంత తేలికైందో, ఆ పూట రెండు టీలు తాగాను.

చాలా రోజుల తర్వాత ఒకసారి ఆమెను అడిగాను, ఆ రోజు నేరుగా ముదలాళికే ఎందుకు చెప్పలేదని.

"చెప్పింటే ఆయన నన్ను నమ్మింటాడు సార్. నా పని నిలబడుండేది. కానీ మీరు మళ్ళీ నాకు పని నేర్పించుందురా?"

 నిజం చెప్పాలంటే, నేర్పించి ఉండేవాణ్ణి కాదేమో.

కొత్తగా వచ్చేవాళ్ళకు

తర్వాత సబ్‌వర్షన్ స్థానంలో గిట్ వచ్చింది. అందులో ఒక ప్రాజెక్టు లోపల ఇంకో ప్రాజెక్టు పెట్టుకుంటే, ఏ నంబరుదో కట్టి తీరాలి. కట్టకుండా కుదరదు. కొత్త పిల్లలకు అది పెద్ద గోల. లోపలిది మార్చి, మళ్ళీ బయటికి వచ్చి కొత్త నంబరు ఎక్కించాలి, లోపలిది సర్వరుకు పంపకుండా బయటిది మాత్రం పంపితే పక్కవాడికి ఏదీ రాదు. ఎందుకు సార్ ఇంత తలనొప్పి అని మూలుగుతారు. నాకు నవ్వు వస్తుంది. ఆ తలనొప్పి వల్లే డబ్బా ఉబ్బకుండా ఉండేది.

మీకు ఒక్కటే చెబుతాను. మీరు రాసిన పైవరుసను ఎవరైనా చూస్తారు. దానిలోపలి దానిలోపల ఏముందో మీరే దిగి చూడాలి, మనవాళ్ళే రాసినా సరే. ఎవరైనా "ఏమీ మారలేదు" అంటే నమ్మకండి. ముఖ్యంగా అన్నవాడు నాలాంటి అనుభవజ్ఞుడైతే అసలే నమ్మకండి. 'చిన్న మార్పు' అని రాయకండి. ఏం మార్చారో రాయండి.

నేను రిటైరైన రోజు దండ వేశారు, మైసూర్‌పాక్ పంచారు. అప్పటికి కొలత భాగం చూసుకునేది మంజుల. గోడ మీది ఇత్తడి తాళంచెవి అంతకాలం అక్కడే ఉంది, దాని పని ఎప్పుడో తీరిపోయినా. దాన్ని మేకు నుంచి తీసి, కాస్త నాటకంగానే, ఆమె ముందు చెయ్యి చాపాను. అందరూ చప్పట్లు కొట్టడానికి సిద్ధంగా ఉన్నారు.

ఆమె తీసుకోలేదు. చేతులు కట్టుకుని నిలబడింది.

"ఎన్నో మెట్టు సార్?" అంది.

నేను తిరిగి వెళ్ళి నా సీటులో కూర్చున్నాను. దండ మెడలోనే ఉంది. కంప్యూటర్ తెరిచి, మూడు అంతస్తుల్లోకీ దిగి, మూడు నంబర్లూ చూసి పైకి చదివాను. ఆమె పక్కన నిలబడి, ఒక్కోదాన్నీ నాతోపాటు గట్టిగా చెప్పింది. ఆ తర్వాతే తాళంచెవి తీసుకుంది.